అచ్చాఫీసు ఇంటి పిల్లవాడు

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమనీ, రాజులూ యుద్ధాలూ మాత్రం వద్దనీ కార్యదర్శిగారు కోరారు. ముప్పయి ఏడేళ్లు ప్రభుత్వ ముద్రణాలయంలో, బ్లాకులు తయారుచేసే విభాగంలో పనిచేసి 2000 సంవత్సరంలో రిటైరైనవాణ్ణి. నాకు తెలిసిన చరిత్ర అంతా సీసపు అక్షరాల చుట్టూ, సిరా చుట్టూ తిరిగేదే. అందుచేత అచ్చాఫీసు ఉన్న ఇంట్లోనే పుట్టి, ఆ తరువాత జగత్ప్రసిద్ధ సినిమా దర్శకుడైన సత్యజిత్ రాయ్ గురించి రాస్తున్నాను.

ఆయన సినిమాల గొప్పతనం గురించి తెలిసిన పెద్దలు ఎంతో రాశారు. ఆ పని నాది కాదు. చిన్నతనంలో పట్టుకున్న ఇష్టాలు ఒక మనిషిని ఏ దారిన, ఎన్ని మలుపులు తిప్పి, తన అసలు పని దగ్గరకు చేర్చాయన్నదే నా విషయం. మనబోటి జీతగాళ్లకు ఈ కథలో మరొక ఆకర్షణ కూడా ఉంది. తన మొదటి సినిమా పూర్తయ్యేదాకా ఆయన కూడా ఒకటో తారీకు కోసం ఎదురుచూసిన ఉద్యోగే.

కథ తాతగారి దగ్గర మొదలుపెట్టాలి. ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి 1863లో ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉన్న మైమన్‌సింగ్ జిల్లాలో పుట్టారు. పిల్లలకు కథలు రాసేవారు, బొమ్మలు వేసేవారు, వయొలిన్ వాయించేవారు. పిల్లల కోసం ఆయన రాసిన రామాయణం అచ్చయి వచ్చినప్పుడు అందులో తన బొమ్మలు పాడైపోయి కనిపించాయి. ఆ రోజుల్లో బొమ్మను చెక్క మీద చెక్కి అచ్చువేసేవారు. చెక్కేవాడి చేతిలో గీసినవాడి గీత బతకడం కష్టం. ఇంకొకరైతే అచ్చాఫీసువాణ్ణి నాలుగు తిట్టి ఊరుకునేవారు. ఈయన ఇంగ్లండు నుంచి కెమెరా, సామగ్రి తెప్పించుకుని, పుస్తకాలు చదివి, బ్లాకులు చేయడం తనంతట తానే నేర్చుకున్నారు. 1895లో సొంత సంస్థ పెట్టారు. అదే తరువాత 'యు. రాయ్ అండ్ సన్స్' అయింది.

ఇక్కడ మా పనివాళ్ల సంగతి రెండు ముక్కలు చెప్పకపోతే మనవలకు అర్థం కాదు. సీసపు అక్షరాలతో అచ్చువేసే యంత్రానికి తెలిసినవి రెండే రెండు, నలుపూ తెలుపూ. సిరా అంటుకుంటే నలుపు, అంటకపోతే తెలుపు. మధ్యలో ఉండే బూడిదరంగు దానికి చేతకాదు. ఫొటోలో ఉండేదంతా ఆ మధ్యరంగులే గదా! అందుకని అద్దం మీద సన్నటి గీతలు అడ్డంగా, నిలువుగా గీసిన స్క్రీను ఒకటి కెమెరాలో ప్లేటు ముందు పెట్టి బొమ్మను ఫొటో తీసేవాళ్లం. అప్పుడు బొమ్మంతా చుక్కలుగా విడిపోతుంది. ముదురుగా ఉన్నచోట పెద్ద చుక్కలు, లేతగా ఉన్నచోట చిన్న చుక్కలు. దాన్ని జింకు రేకు మీదికో రాగి రేకు మీదికో దింపి, యాసిడ్‌తో తినిపించి, చెక్కదిమ్మకు మేకులతో బిగిస్తే హాఫ్‌టోన్ బ్లాకు తయారు. వార్తాపత్రికల గరుకు కాగితానికి అంగుళానికి 65 గీతల స్క్రీను వాడేవాళ్లం. నున్నటి ఆర్టు కాగితమైతే 120, 133 గీతలది. స్క్రీనుకూ ప్లేటుకూ మధ్య దూరం వెంట్రుకవాసి తేడా వచ్చినా బొమ్మ మసకబారేది.

ఆ దూరం ఎంత ఉండాలి, కెమెరా రంధ్రం ఏ ఆకారంలో ఉండాలి అన్న లెక్కలను కలకత్తాలో కూర్చుని తేల్చిన మనిషి ఉపేంద్రకిశోర్. ఆ వ్యాసాలు ఇంగ్లండులో ముద్రణరంగానికి ప్రామాణికమైన పెన్‌రోజ్ వార్షిక సంచికల్లో అచ్చయ్యాయి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఫోర్‌మన్‌గారు ఈయన పేరు చెప్పేవారు. సినిమా దర్శకుడి తాతగారని కాదు, స్క్రీను లెక్కలు కట్టిన బెంగాలీ పెద్దమనిషని! మనవడి సినిమా నేను ఆ తరువాత చాలా ఏళ్లకు గాని చూడలేదు.

1913లో ఉపేంద్రకిశోర్ 'సందేశ్' అనే పిల్లల మాసపత్రిక మొదలుపెట్టారు. బెంగాలీలో సందేశ్ అంటే కబురూ అవుతుంది, అందరూ ఇష్టపడే మిఠాయీ అవుతుంది. మనకు 1947లో చందమామ వచ్చింది. అంతకు ముప్పయి నాలుగేళ్ల ముందే బెంగాలీ పిల్లలకు ఈ పత్రిక చేతికందింది. కథలూ బొమ్మలూ బ్లాకులూ అచ్చూ అన్నీ ఇంట్లోనే. 1915లో ఆయన పోయాక పత్రికనూ ప్రెస్సునూ కొడుకు సుకుమార్ రాయ్ చూసుకున్నారు. ఆయన లండన్ వెళ్లి ముద్రణ, ఫొటోగ్రఫీ శాస్త్రబద్ధంగా చదివి వచ్చినవారు. పిల్లల కోసం ఆయన రాసిన తలాతోకా లేని తమాషా పద్యాలు బెంగాలీవాళ్లకు ఇవాళ్టికీ నోటికి వస్తాయి. ఆ పద్యాల పుస్తకాన్ని మంచం మీదనుంచే తయారుచేశారు. అది అచ్చయి బయటికి రావడానికి కొద్దిరోజుల ముందు, 1923 సెప్టెంబరులో, కాలాజార్ జ్వరంతో కన్నుమూశారు. వయస్సు ముప్పయి అయిదు. కొడుకు సత్యజిత్‌కు అప్పటికి రెండేళ్లు దాటి నాలుగు నెలలు.

సత్యజిత్ 1921 మే 2న కలకత్తా గడ్‌పార్ రోడ్డులోని నూరో నంబరు ఇంట్లో పుట్టాడు. తాతగారు కట్టించిన ఇల్లు. ముందు భాగంలో ప్రెస్సు, వెనక భాగంలో కాపురం. తండ్రి లేని ఆ పిల్లవాడు మధ్యాహ్నం పూట ప్రెస్సులోకి వెళ్లిపోయేవాడు. కంపోజిటర్లు కేసుల ముందు వరసగా కూర్చుని అక్షరాలు ఏరుకుంటూ ఉండేవారు. వాళ్లను దాటుకుని బ్లాకులు చేసే గదిలోకి పోయేవాడు. అక్కడ పెద్ద కెమెరా, యాసిడ్ల వాసన, టర్పెంటైన్ వాసన. పెద్దయిన తరువాత కూడా టర్పెంటైన్ వాసన తగిలితే తనకు ఆ గదే కళ్ల ముందుకు వస్తుందని ఆయన తన బాల్యజ్ఞాపకాల్లో రాసుకున్నారు. దీన్ని నేను పూర్తిగా నమ్ముతాను. బ్లాకులగదిలో పనిచేసిన వాళ్లెవరైనా నమ్ముతారు.

ఆ గదిలో రామ్‌దహిన్ అనే కెమెరా పనివాడు ఉండేవాడు. పిల్లవాడు కాగితం మీద ఏవో పిచ్చిగీతలు గీసి తీసుకువెళ్లి, ఇది సందేశ్‌లో వెయ్యాలని అడిగేవాడట. రామ్‌దహిన్ నవ్వి పొమ్మనలేదు. తప్పకుండా వేద్దాం బాబూ అని తల ఊపి, ఆ కాగితాన్ని నిజంగానే కెమెరా ముందు పెట్టి, పిల్లవాణ్ణి ఎత్తుకుని, కెమెరా వెనక గరుకుటద్దం మీద ఆ బొమ్మ తలకిందులుగా ఎలా పడుతుందో చూపించేవాడట.

సత్యజిత్ రాయ్ మీద వచ్చిన వ్యాసాల్లో ఆయనకు కళ రక్తంలోనే వచ్చిందనే మాట తరచు కనిపిస్తుంది. ఆ మాటతో నాకు పేచీ ఉంది. తాతను ఆయన చూడనే లేదు. తండ్రి గురించి మిగిలిన కొద్దిపాటి జ్ఞాపకాల్లో ఒకటి, గంగ ఒడ్డున కిటికీ పక్కన కూర్చుని బొమ్మ వేస్తూ, అదిగో స్టీమరు పోతోందని చూపించడం. అంతే. గీత గీయడం చేయిపట్టి నేర్పేందుకు వాళ్లు లేరు. రక్తం సంగతి నాకు తెలియదు గాని, పిల్లవాడి గీతను పనిలాగా చూసి కెమెరాకెక్కించిన ఒక నెలజీతగాడు మాత్రం ఉన్నాడు. మన ప్రెస్సుల్లో అలాంటి రామ్‌దహిన్‌లను నేను కొందరిని చూశాను. వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు. ఇతని పేరు ఉండడానికి కారణం, ఆ పిల్లవాడు మరిచిపోకపోవడమే.

ప్రెస్సు నిలవలేదు. సుకుమార్ పోయిన తరువాత వ్యాపారం దెబ్బతిని 1926-27 ప్రాంతంలో చేతులు మారింది. సందేశ్ ఆగిపోయింది. తల్లి సుప్రభ ఆరేళ్లైనా నిండని కొడుకును తీసుకుని, భవానీపూర్‌లో ఉన్న తమ్ముడి ఇంటికి చేరింది. ఆమె కుట్టుపనులు, చేతిపనులు నేర్పే ఉద్యోగానికి బస్సులో వెళ్లి వచ్చేది. రెండు తరాల అచ్చుపని అలా పోయింది. పిల్లవాడికి మిగిలినవి పాత సందేశ్ సంచికలూ, పుస్తకాలూ, ఆ వాసనా.

మేనమామ ఇంట్లో అతనికి తన ఈడు పిల్లలు తక్కువ. ఒంటరి మధ్యాహ్నాలు ఎక్కువ. ఎండాకాలం తలుపులన్నీ మూసినప్పుడు చిన్న సందులోంచి వెలుతురు దూరి, వీధిలో పోయే మనుషులూ బళ్లూ ఎదుటిగోడ మీద తలకిందులుగా కదులుతూ కనిపించేవారట. మన ఇళ్లల్లో కూడా ఎండాకాలంలో ఇది అందరం చూసినదే. కాని రామ్‌దహిన్ ఎత్తుకుని చూపించిన పిల్లవాడికి అది వింత కాదు, పాతస్నేహం. ఉచితంగా బయోస్కోపు! దానికి తోడు గాజుపలకల మీది బొమ్మలను గోడ మీద వేసే మ్యాజిక్ లాంతరు ఒకటి, చిన్న బొమ్మ గ్రామఫోను ఒకటి. గ్రామఫోను పిచ్చి అక్కడ మొదలై, హైస్కూలు రోజులకు పాశ్చాత్య సంగీతం దాకా వెళ్లింది. తోటిపిల్లలు సినిమా పాటలు పాడుకుంటుంటే ఈయన చేతిఖర్చు డబ్బులు దాచి బీథోవెన్ రికార్డులు కొనుక్కునేవారు. ఫొటోలు తీసి, ఒక ఇంగ్లీషు బాలల పత్రిక పోటీకి పంపి బహుమతి తెచ్చుకున్నారు. సినిమాలు సరేసరి. హాలీవుడ్ తారలకు అభిమాని ఉత్తరాలు కూడా రాశారు!

ఇవన్నీ చూస్తే ఇంట్లో పెద్దలకు ఏమనిపించి ఉంటుందో మనం ఊహించగలం. పిల్లవాడు ఒక్కదాని మీద నిలబడడం లేదు. బొమ్మలంటాడు, పాటలంటాడు, కెమెరా అంటాడు, సినిమా అంటాడు. వీటిల్లో ఏది అన్నం పెడుతుంది? అందుకే ప్రెసిడెన్సీ కాలేజీలో చదివినది అర్థశాస్త్రం. దానికీ ఒక కారణం ఉంది. కుటుంబ మిత్రుడైన ప్రొఫెసర్ మహలనోబిస్ తన గణాంకశాస్త్ర పత్రికలో ఉద్యోగం ఇస్తానన్నారు. ఉద్యోగం కోసం చదివిన చదువు. చదివినంతకాలమూ ఆయనకు అది ఎక్కలేదు.

తల్లి కోరిక మీద 1940లో శాంతినికేతన్ కళాభవనంలో చేరారు. ఆయనకు వెళ్లాలని లేదు. కలకత్తా వదిలితే సినిమాలూ రికార్డులూ దొరకవని బెంగ. అయినా అక్కడ నందలాల్ బోస్, వినోద్ బిహారీ ముఖర్జీ వంటి గురువులు దొరికారు. అజంతా, ఎల్లోరాలు తిరిగి చూశారు. సినిమా నిర్మాణం మీద పుస్తకాలు ఆ గ్రంథాలయంలోనే దొరికాయి. బొమ్మలు నేర్చుకోవడానికి వెళ్లిన చోట సినిమా పుస్తకాలు చదవడం! అప్పటిదాకా తారలను చూసి మురిసిన కుర్రవాడు కెమెరా ఎక్కడ పెట్టారు, ఎందుకు పెట్టారు అని చూడడం మొదలుపెట్టాడు. తాను పెద్ద చిత్రకారుణ్ణి కాలేనని తేల్చుకుని, చదువు ముగించకుండానే 1942 చివర తిరిగి వచ్చేశారు. ఇది నాకు నచ్చిన నిర్ణయం. ఇష్టం ఉండడం వేరు, అదే వృత్తిగా సాగగలగడం వేరు అని ఇరవై ఒక్క ఏళ్లకే తెలుసుకోవడం చిన్న విషయం కాదు. ఆ వినోద్ బిహారీగారు తరువాత చూపు పోగొట్టుకుని కూడా కళ వదల్లేదు. ఆయన మీద శిష్యుడు 1972లో ఒక డాక్యుమెంటరీ తీసి గురువు రుణం తీర్చుకున్నారు.

1943 ఏప్రిల్‌లో డి.జె. కీమర్ అనే బ్రిటిష్ ప్రకటనల కంపెనీ కలకత్తా ఆఫీసులో చేరారు. ప్రకటనలకు బొమ్మలూ, అక్షరాలూ రూపొందించే పని. నెలకు ఎనభై రూపాయల జీతం. అదే కాలంలో సిగ్నెట్ ప్రెస్ అనే ప్రచురణసంస్థ పుస్తకాలకు అట్టలు వేయడం మొదలుపెట్టారు. జవహర్‌లాల్ నెహ్రూ 'డిస్కవరీ ఆఫ్ ఇండియా', జిమ్ కార్బెట్ పులుల పుస్తకం అట్టలు ఆయన వేసినవే. అలా పోయిన అచ్చాఫీసు ఇంకొక వాకిట్లోంచి తిరిగి వచ్చింది.

ఆ అట్టల పనిలోనే అసలు మలుపు ఉంది. విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ రాసిన 'పథేర్ పాంచాలీ' నవలను పిల్లల కోసం కుదించి సిగ్నెట్ ప్రెస్ వేస్తున్నప్పుడు బొమ్మలు వేసే పని ఈయనకు వచ్చింది. వానలో తడుస్తున్న అక్కా తమ్ముడూ, ముసలి మేనత్త, పల్లెటూరి ఇల్లు — పుస్తకానికి వేసిన ఆ బొమ్మలు ఆయన మనసులో కదలడం మొదలుపెట్టాయి. ఈ పుస్తకం సినిమాకు పనికివస్తుందన్న మాట ప్రచురణకర్త నోట కూడా వచ్చింది. బొమ్మలపని కోసం కాగితాలు చేతికి రాకపోతే ఆ నవల ఆయన ఎప్పటికి చదివేవారో, చదివినా అందులో సినిమా కనిపించేదో లేదో.

ఆఫీసులో ఉంటూనే ఆయన మరొక అభ్యాసం చేసేవారు. ఫలానా నవల సినిమాగా వస్తోందని పేపర్లో చూస్తే, అది విడుదలయ్యేలోగా తన పద్ధతిలో స్క్రీన్‌ప్లే రాసుకుని, తరువాత హాలులో కూర్చుని రెండూ పోల్చుకునేవారు. ఫీజు లేని కాలేజీ. 1947లో మిత్రులతో కలిసి కలకత్తా ఫిల్మ్ సొసైటీ స్థాపించారు. ఫ్రెంచి దర్శకుడు ఝాన్ రెన్వా 'ది రివర్' సినిమా తియ్యడానికి 1949లో కలకత్తా వచ్చినప్పుడు సెలవురోజుల్లో ఆయనతో లొకేషన్లు వెతుకుతూ తిరిగారు. 1950లో కంపెనీయే ఆయన్ను లండన్ ఆఫీసుకు పంపింది. అక్కడున్న ఆరు నెలల్లో దాదాపు వంద సినిమాలు చూశారు. ఇటలీవాళ్లు తీసిన 'బైసికిల్ థీవ్స్' చూసి, స్టూడియోలూ పేరున్న నటులూ లేకుండా వీధుల్లో సినిమా తీయవచ్చునని నిశ్చయించుకుని ఓడ ఎక్కారు.

1952 అక్టోబరులో షూటింగ్ మొదలైంది. ఉద్యోగం వదల్లేదు గనుక ఆదివారాలూ సెలవురోజులూ పని. తెల్లటి రెల్లుపూల మధ్య పిల్లలు రైలు చూడటానికి పరుగెత్తే దృశ్యంతో ఆరంభించారు. ఒకనాడు కొంత తీసి, తరువాతి ఆదివారం మిగతాది తీద్దామని వెళ్లేసరికి ఆ పూలన్నిటినీ పశువులు మేసేశాయి! మళ్లీ పూలు వచ్చేది ఏడాదికి. కెమెరామన్ సుబ్రత మిత్రకు ఇరవై ఒక్కేళ్లు, సినిమా కెమెరా అంతకుముందు ముట్టుకోలేదు. డబ్బు చాలక ఇన్సూరెన్సు పాలసీ మీద అప్పు తెచ్చారు. ప్రాణంగా చూసుకున్న గ్రామఫోను రికార్డులు కొన్ని అమ్మారు. భార్య బిజోయా నగలు తాకట్టు పెట్టింది. అవి కూడా అయిపోయి పని నెలల తరబడి ఆగింది. ఆగినంత కాలమూ తనకు మూడు భయాలుండేవని ఆయన చెప్పుకున్నారు. అపూ వేషం వేసిన కుర్రవాడి గొంతు మారకూడదు, దుర్గ వేషం వేసిన పిల్ల ఎదిగిపోకూడదు, మేనత్త వేషం వేసిన ఎనభై ఏళ్ల చునీబాలా దేవి పోకూడదు. మూడూ జరగలేదు.

ఈ ఘట్టాన్ని చదివినప్పుడల్లా నా ఆలోచన బిజోయాగారి నగల దగ్గర ఆగుతుంది. మనలో చాలామందికి ఇన్సూరెన్సు పాలసీ అంటే ఆడపిల్ల పెళ్లి, పి.ఎఫ్. లోను అంటే ఇంటి కప్పు. దాన్ని తీసుకువెళ్లి రెల్లుపూలలో పెట్టడమంటే ఇంట్లో ఎదురుగా కూర్చున్న మనిషి ఒప్పుకోవాలి. ఆమె ఒప్పుకున్నది. మా ఆవిడ ఇది విని, ఆమె గొప్పదే గాని ఆయన ఉద్యోగం మాత్రం వదల్లేదు చూశారా, అన్నది. నిజమే. నగలు తాకట్టు పెట్టినవాడు కూడా ఒకటో తారీకు జీతాన్ని మాత్రం వదులుకోలేదు. ఆ జీతమే ఆ సినిమాకు వెన్నెముక.

చివరికి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ ప్రభుత్వ నిధులతో సినిమా పూర్తి చేయించారు. సినిమా తీయడానికి ప్రభుత్వంలో పద్దు ఎక్కడిది? 'పథేర్ పాంచాలీ' అంటే 'దారి పాట' కదా, అందుకని రోడ్ల అభివృద్ధి పద్దు కింద రాశారని చెప్పుకుంటారు! ఆడిట్ అభ్యంతరాలకు సమాధానాలు రాసీ రాసీ జుట్టు నెరిసిన మన అకౌంట్సు మిత్రులు ఈ విషయాన్ని ఆనందిస్తారని నా నమ్మకం. 1955 ఆగస్టు 26న కలకత్తాలో విడుదలైంది. మరుసటి ఏడు కాన్ ఉత్సవంలో ఉత్తమ మానవీయ చిత్రంగా బహుమతి పొందింది. దాని తరువాతనే ఆయన కీమర్ కంపెనీకి రాజీనామా ఇచ్చారు. అప్పటికి సర్వీసు పన్నెండేళ్లు దాటింది.

చిన్ననాటి ఇష్టాలు ఎక్కడికి పోయాయో ఆ తరువాతి ముప్పయి అయిదేళ్లలో కనిపిస్తుంది. ఆయన ఎర్రగుడ్డ అట్ట ఉన్న, కిరాణాకొట్ల వాళ్లు పద్దులు రాసుకునే పుస్తకాల్లో స్క్రీన్‌ప్లే రాసేవారు. మాటల పక్కనే ప్రతి షాటుకూ బొమ్మ, దుస్తుల బొమ్మ, ఇంటి సామాను బొమ్మ. పోస్టర్లు తానే వేశారు. టైటిల్స్ అక్షరాలు తానే రాశారు. 'రే రోమన్' పేరుతో ఇంగ్లీషు అచ్చు అక్షరాల వరస ఒకటి తయారుచేసి 1971లో అంతర్జాతీయ పోటీలో బహుమతి పొందారు. కంపోజిటర్ల కేసుల మధ్య తిరిగిన పిల్లవాడు యాభై ఏళ్ల వయస్సులో తానే అక్షరాలు పోశాడన్నమాట. 1961లో వచ్చిన 'తీన్ కన్యా' నుంచి తన సినిమాలకు సంగీతం తానే సమకూర్చుకున్నారు. బొమ్మ గ్రామఫోను లెక్క అక్కడ తేలింది.

మన వాళ్లలో బాపుగారు గుర్తుకు రాకుండా ఉంటారా? 1933లో నరసాపురంలో పుట్టి, మద్రాసులో లా చదివి, బొమ్మల మీద బతికి, 1967లో 'సాక్షి'తో దర్శకుడైన మనిషి. ఆయనా సినిమా తీసేముందు షాట్లన్నీ బొమ్మలుగా గీసుకునేవారు. ఆయన చేతిరాత ఇప్పుడు కంప్యూటరు అక్షరాలై పెళ్లి శుభలేఖల మీద కనిపిస్తోంది. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారని నేను అనడం లేదు. కాగితం మీద పత్రికలకు బొమ్మ వేసే పనిలో ఒక క్రమశిక్షణ ఉంది. ఉన్న జాగా ఇంతే, గడువు ఇదే, చదువరికి ఒక్క చూపులో తెలియాలి. బ్లాకులు చేసినవాడిగా నాకు ఆ సంగతి తెలుసు. మంచి చిత్రకారుడు తన బొమ్మ ఏ స్క్రీనులో, ఏ కాగితం మీద పడుతుందో అడిగి తెలుసుకుని మరీ గీసేవాడు. మిగతావాళ్లు తరువాత మా మీద చిరాకు పడేవారు.

సత్యజిత్ రాయ్ 1961లో, తన నలభయ్యో ఏట, సుభాష్ ముఖోపాధ్యాయ్ అనే కవితో కలిసి ఆగిపోయిన సందేశ్‌ను మళ్లీ ప్రారంభించారు. బొమ్మలు వేసి, కథలు రాసి, ఇతరుల రచనలు దిద్దిపెట్టారు. అప్పటికే ప్రపంచమంతా పేరున్న దర్శకుడు! అంత తీరిక ఎక్కడిదని అడగవచ్చు. బెంగాలీ పిల్లలు ఆవురావురుమంటూ చదివిన ఫెలూదా అపరాధపరిశోధన కథలు 1965లో ఆ పత్రికలోనే మొదలయ్యాయి. సినిమాల ఆదాయం కంటె ఆ పుస్తకాల ఆదాయమే ఇల్లు గడవడానికి ఆధారమైన రోజులున్నాయి.

ఆయన కొడుకు సందీప్ చిన్నవాడిగా ఉన్నప్పుడు, తండ్రి సినిమాలన్నీ పెద్దవాళ్ల కోసమే, విచారంగా ఉంటాయని, తనకోసం ఒకటి తియ్యమని పేచీ పెట్టాడట. అప్పుడు తాతగారు 1915లో సందేశ్‌లో రాసిన గూపీ, బాఘా కథను తీసుకున్నారు. పాడడం రాని ఒకడికీ డోలు వాయించడం రాని ఇంకొకడికీ దయ్యాలరాజు వరాలిస్తాడు. పాటలు తానే రాసి, బాణీలు తానే కట్టి, దుస్తులు తానే గీసి 1969లో విడుదల చేస్తే, కలకత్తా హాళ్లలో నెలల తరబడి ఆడింది. అందులో దయ్యాల నాట్యం ఒకటి ఉంది. నాలుగు రకాల దయ్యాలు నలుపు తెలుపుల్లో తళతళ మెరుస్తూ, అదురుతూ ఆడతాయి. మా అబ్బాయి దాన్ని కంప్యూటరులో వేసి చూపించినప్పుడు నాకు ఆ దయ్యాల కన్నా ముందు మా బ్లాకులగదిలో ఎర్రదీపం కింద, పళ్లెంలో తేలిన నెగటివ్ కనిపించింది.

1987లో, తండ్రి శతజయంతికి, ఆయన మీద అరగంట డాక్యుమెంటరీ తీశారు. అప్పటికే గుండెజబ్బుతో బలహీనపడి ఉన్నారు. తనకు జ్ఞాపకం లేని తండ్రిని పాత ఫొటోలూ, పద్యాలూ, సందేశ్ బొమ్మలతోనే చూపించారు. 1992లో ఆస్కార్ వాళ్ల గౌరవ పురస్కారం, భారతరత్న రెండూ వచ్చాయి. ఆ ఏడే ఏప్రిల్ 23న కలకత్తాలో మరణించారు. గడ్‌పార్ రోడ్డు ఇంట్లో ప్రెస్సు పోయిన తరువాత పిల్లల బడి పెట్టారు.